వేగిన దుంపకు వెయ్యి పేర్లు

అన్నం ఏ దేశంలో తిన్నా అన్నమే. పాలు ఏ వూళ్ళో తాగినా పాలే. కాని ఒక బంగాళాదుంపను చెక్కు తీసి, ముక్కలుగా తరిగి, కాగే నూనెలో వేయించి, ఇంత ఉప్పు చల్లి పళ్ళెంలో పెట్టేసరికి, దాన్ని ఏ దేశంలో ఏ పేరు పెట్టి పిలవాలో తెలియక చదువుకున్నవాళ్ళు కూడా తికమక పడతారు. దుంప ఒకటే, చేసే పనీ ఒకటే. పేర్లు మాత్రం సముద్రానికి ఈవల ఒకటి, ఆవల ఒకటి. కొన్నిచోట్ల ఏటికి ఈ గట్టున ఒకటి, ఆ గట్టున ఒకటి కూడాను.

తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి ఈ వంటింటి గొడవ ఎందుకని మీరడగవచ్చు. మాటల్లో సగం పుట్టేది వంటింట్లోనే కదా! నిఘంటువులు తిరగేసేవాడు అప్పుడప్పుడు మూకుట్లోకి కూడా తొంగిచూడక తప్పదు.

చిప్స్ అంటే ఏవి?

లండనులో దిగి ‘చిప్స్’ అడిగారనుకోండి. చిటికెనవేలంత లావున, పొగలు కక్కుతూ, పైన కాస్త గట్టిగా లోపల వెన్నలా వుండే ముక్కలు తెచ్చిపెడతారు. వాటిమీద ఉప్పు, పుల్లని వెనిగరు చల్లుకుని, పక్కన వేయించిన చేపతో తింటారు. మనం సంచీ చింపి కరకర నమిలే పలచని చక్రాలు కావాలంటే అక్కడ ‘క్రిస్ప్స్’ అని అడగాలి.

అదే అమెరికాలో ‘చిప్స్’ అంటే ఆ పలచని చక్రాలే వస్తాయి. వేడివేడి ముక్కలు కావాలంటే ‘ఫ్రెంచి ఫ్రైస్’ అనాలి. ఆస్ట్రేలియావారు ఈ గొడవ మనకెందుకని రెంటినీ ‘చిప్స్’ అనే అంటారు. మరీ అవసరం వస్తే వేడివాటిని ‘హాట్ చిప్స్’ అని విడదీస్తారు. న్యూజీలండులో సంచీలోవి ముద్దుగా ‘చిప్పీస్’. దక్షిణాఫ్రికాలో ‘స్లాప్ చిప్స్’ అని వున్నాయి. స్లాప్ అంటే ఆఫ్రికాన్స్ భాషలో మెత్తగా వాలిపోయినది అని అర్థం. లావుగా కోసి, కరకరలాడకుండా మెత్తగా వుంచి, వెనిగరు బాగా పట్టించి తింటారు. ఇంకోచోట అయితే వంట చెడిందని తిప్పి పంపే ముక్క అక్కడ అసలైన రుచి అన్నమాట.

ఐర్లండుది మరో దారి. అక్కడ 1954లో ‘టేటో’ అనే కంపెనీ మొదలయింది. జున్ను, ఉల్లిపాయ కలిసిన రుచిని చిప్సుకు పట్టించి పేరు తెచ్చుకున్నవారు వీరే. ఆ పేరు ఎంతగా నాటుకున్నదంటే, ఏ కంపెనీ సంచీ అయినా సరే చాలామంది ‘టేటో’ అనే అంటారు. మనవాళ్ళు వనస్పతి ఏదైనా డాల్డా అన్నట్టు!

ఇక మన దేశంలో చూడండి. మనకు ఇంగ్లీషు నేర్పింది ఇంగ్లండువారు. కాని చిప్స్ దగ్గరకు వచ్చేసరికి మనం అమెరికా పక్షం చేరాము. చిప్స్ అంటే మనకు సంచీలో చక్రాలే. మరి వేడి ముక్కల మాటేమిటి? దానికి మన హోటళ్ళవారు ‘ఫింగర్ చిప్స్’ అని వేరే పేరు పెట్టారు. రెండు దేశాల తగవును ఒక్క విశేషణం తగిలించి తీర్చిన ఆ అజ్ఞాత వ్యాకరణవేత్త ఎవరోగాని, ఆయనకు నమస్కారం.

అసలు చిప్ అంటే ఇంగ్లీషులో చెక్కనుంచి లేచిన పేడు. దుంపకు ఆ మాట అంటుకుని చాలాకాలమే అయింది. 1859లో వెలువడిన డికెన్స్ నవల ‘ఎ టేల్ ఆఫ్ టూ సిటీస్’లో నూనెలో వేగిన దుంప చిప్సు ప్రస్తావన వుంది. మరికొద్ది సంవత్సరాలకే, 1860 ప్రాంతాల్లో, ఇంగ్లండులో చేపకూ చిప్సుకూ పెళ్ళయింది. ఆ దాంపత్యం ఎంత గట్టిదంటే, రెండో ప్రపంచయుద్ధంలో దాదాపు ప్రతి తినుబండారానికీ రేషను పెట్టిన ప్రభుత్వం దీని జోలికి మాత్రం పోలేదు. కూలిజనం కడుపునిండా తినగలిగిన వేడి తిండి అది.

పలచని చక్రాల కథ

పలచని చిప్స్ పుట్టుక గురించి అమెరికాలో ఒక కథ చెప్పుకుంటారు. 1853లో న్యూయార్కు రాష్ట్రంలోని సరటోగా స్ప్రింగ్స్‌లో జార్జి క్రమ్ అనే వంటవాడు వుండేవాడట. ఒక పెద్దమనిషి ముక్కలు లావుగా వున్నాయని మాటిమాటికీ పళ్ళెం తిప్పి పంపాడట. వంటవాడికి ఒళ్ళు మండి, దుంపను కాగితంలా తరిగి, కరకరలాడేట్టు వేయించి, ఉప్పు దట్టించి ‘ఇప్పుడు తిను చూస్తాను’ అన్నట్టు పంపాడట. పెద్దమనిషి లొట్టలు వేసుకుంటూ తిన్నాడట.

కథ బాగుంది. క్రమ్ నిజంగా వున్నవాడే, మంచి వంటవాడే. కాని అంతకు 30 ఏళ్ళ ముందే, 1822 నాటి ముద్రణలో, విలియం కిచినర్ అనే ఇంగ్లీషువాడు తన వంటల పుస్తకంలో దుంపను పలచగా తరిగి కొవ్వులో వేయించే విధానం వివరంగా రాశాడు. అంచేత కోపంలో పుట్టిన కథను కథగానే వుంచుదాం. అయినా ‘సరటోగా చిప్స్’ అన్న పేరు అమెరికాలో చాలాకాలం నడిచింది.

ఈ చక్రాలు హోటలు వదిలి ఇంటింటికీ చేరడానికి కారణం మాత్రం ఆడవాళ్ళ చేతిచలువ. మొదట్లో వీటిని పీపాల్లో, డబ్బాల్లో పోసి తూచి అమ్మేవారు. అడుగున వున్నవి మెత్తబడి నలిగిపోయేవి. 1926లో కాలిఫోర్నియాలో లారా స్కడర్ అనే వ్యాపారవేత్త ఒక ఉపాయం పన్నింది. తన దగ్గర పనిచేసే స్త్రీలకు మైనం పూసిన కాగితాలిచ్చి ఇళ్ళకు పంపింది. వారు వాటి అంచులను ఇస్త్రీపెట్టెతో అంటించి సంచులు చేసి తెచ్చేవారు. మర్నాడు వాటిలో చిప్స్ నింపి మూతి అంటించేవారు. గాలి తగలని చిప్స్ అలా పుట్టాయి. ఇంగ్లండులో ఫ్రాంక్ స్మిత్ సంచీలో చిన్న నీలి కాగితం పొట్లంలో ఉప్పు విడిగా పెట్టి అమ్మాడు. ఎవరి ఉప్పు వారి చేతిలో!

ఇప్పుడు మన పిల్లలు మారాం చేసి కొనిపించుకునే ‘లేస్’ సంచీ చూడండి. అదే కంపెనీ సరుకు ఇంగ్లండులో ‘వాకర్స్’, మెక్సికోలో ‘సబ్రీటాస్’, ఆస్ట్రేలియాలో ‘స్మిత్స్’, ఈజిప్టులో ‘చిప్సీ’. ఆయా దేశాల్లో జనానికి అలవాటయిన పేర్లను చెరపకుండా కొనేసుకున్నారన్నమాట. పేరు మారిస్తే నాలుక నమ్మదని వ్యాపారికి బాగా తెలుసు.

ఫ్రాన్సుదా? బెల్జియందా?

వేడి ముక్కల పుట్టుక మీద ఇంతకంటె పెద్ద తగవు వుంది. అమెరికావారు వాటిని ‘ఫ్రెంచి’ అన్నారు. బెల్జియం వారికి ఈ మాట వింటే ప్రాణం చివుక్కుమంటుంది. వారి కథ ఇది: 1680 చలికాలంలో మ్యూజ్ నది గడ్డకట్టిందట. ఆ వొడ్డున వుండేవారికి చిన్నచిన్న చేపలు వేయించుకు తినడం అలవాటు. చేపలు దొరక్క, దుంపలనే చేపల ఆకారంలో కోసి వేయించారట. అదీ ఆరంభమట. కాని ఆ రోజుల్లో ఆ ప్రాంతానికి దుంపే చేరలేదని, చేరినా మూకుడు నిండా కొవ్వు పోసి వేయించే స్తోమత బీదవారికి ఎక్కడిదని బెల్జియం చరిత్రకారుల్లోనే కొందరు అడుగుతున్నారు.

ఫ్రాన్సువారు తమ పారిస్ వీధుల్ని చూపిస్తారు. అక్కడి పోన్ నెఫ్ వంతెన మీద అమ్మినవే మొదటివని వారి వాదం. లావుపాటి ముక్కలకు ఇప్పటికీ ఆ వంతెన పేరే వుంది. విశేషమేమిటంటే, ఒకప్పుడు ఆ దేశంలోనే ఈ దుంపను పశువుల మేతగా చూసేవారు, తింటే రోగాలు వస్తాయని భయపడేవారు. పర్మాంత్యే అనే ఔషధశాస్త్రజ్ఞుడు యుద్ధఖైదీగా ప్రష్యాలో దుంపలు తిని బతికి, దేశానికి తిరిగివచ్చి, ఇది మనిషి తిండేనని పోరాడాడు. 1772లో గాని పారిస్ వైద్యపండితులు తినవచ్చని ఒప్పుకోలేదు.

పుట్టుక ఎవరిదైనా, పెంచి పెద్దచేసినది బెల్జియమేనని ఒప్పుకోవాలి. అక్కడ వేపుడు ముక్కలమ్మే బడ్డీకొట్టును ‘ఫ్రిట్‌కాట్’ అంటారు. ఊరూరా కూడలిలో ఒకటి వుండాల్సిందే. బ్రూజ్ నగరంలో దీనికోసం ఏకంగా ఒక మ్యూజియమే వుంది. వారి కిటుకల్లా రెండుసార్లు వేయించడం. మొదట కాస్త తక్కువ వేడిలో లోపల వుడికేదాకా వేయించి, తీసి చల్లారనిస్తారు. తర్వాత బాగా కాగినదాంట్లో మళ్ళీ వేస్తే పైపొర బంగారు రంగు తిరిగి కరకరలాడుతుంది. సంప్రదాయం ప్రకారం వేయించేది పశువుల కొవ్వులో. కాబట్టి శాకాహారులు అక్కడ అడిగి మరీ తినడం మంచిది.

పక్కనే నెదర్లాండ్స్. ఆ చిన్న దేశంలోనే వుత్తరాదివారు ‘పటాట్’ అంటే, దక్షిణాదివారు ‘ఫ్రీట్’ అంటారు. ఏది సరైన డచ్చి మాట అన్నదానిమీద వేళాకోళం కొంత, పౌరుషం కొంత. వుత్తరాదివాడు సరిహద్దు దాటి బెల్జియంలోని ఫ్లాండర్సుకు పోయి ‘పటాట్’ అడిగితే, అక్కడి భాషలో దాని అర్థం వుత్త దుంప. అదే డచ్చివారు వేరుసెనగ పచ్చడి, మయొనేజు, ఉల్లిముక్కలు కలగలిపి పోసిన వేపుడును ‘యుద్ధం’ అని పిలుస్తారు. పళ్ళెం చూస్తే పేరు తగినదే అనిపిస్తుంది.

జర్మనీవారిది మరీ తమాషా. ఫ్రెంచివారు దుంపను ‘నేల ఆపిల్’ అంటారు. అందులో ‘నేల’ జారిపోయి వేపుడు కాస్తా ‘వేయించిన ఆపిళ్ళు’ అయింది. జర్మనులు ఆ రెండు మాటల్లో ‘వేయించిన’ కూడా వదిలేసి, ‘పొమ్మెస్’ అన్నారు. అంటే వట్టి ఆపిళ్ళు! దుంపా లేదు, వేపుడూ లేదు. మాటలు అరిగిపోయే తీరుకు ఇంతకంటె మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. తరగతిలో చెబితే పిల్లలు పాఠం మరచిపోరు.

కెనడాలోని క్విబెక్‌లో వీటిమీద జున్నుముక్కలు వేసి వేడి పులుసు పోసి ‘పూటీన్’ అంటారు. టాంజానియాలో గుడ్డు కొట్టి అట్టులా పోసి ‘చిప్సీ మయాయి’ చేస్తారు. దుంప పుట్టిల్లయిన పెరూలో మాంసపు ముక్కలతో కలిపి ‘సల్చిపాపాస్’ అంటారు.

మాటకు పడిన పన్ను

పేర్లలో ఏముందిలే అనుకునేవారు రెండు ముచ్చట్లు వినాలి.

2003 మార్చిలో ఇరాక్ యుద్ధానికి ఫ్రాన్సు అడ్డుచెప్పిందని కోపగించి, అమెరికా ప్రతినిధుల సభ భోజనశాలల్లో ‘ఫ్రెంచి ఫ్రైస్’ పేరును ‘ఫ్రీడం ఫ్రైస్’ అని మార్చారు. దానికి ఫ్రెంచి రాయబార కార్యాలయంవారు, అవి మావి కావు, బెల్జియంవారివి అని తేల్చేశారు! 2006లో చడీచప్పుడు లేకుండా పాత పేరే తిరిగి వచ్చింది. పేరు మారిన మూడేళ్ళూ ముక్క రుచి మారలేదు.

రెండోది ప్రింగిల్స్ కథ. గొట్టం డబ్బాలో ఒకదానిమీద ఒకటి పేర్చి వస్తాయే, అవి. వాటిని దుంపను తరిగి చేయరు. దుంపపొడి, ఇతర పిండ్లు కలిపి ముద్దచేసి చేస్తారు. దుంప దాదాపు 42 పాళ్ళే. 1975లో అమెరికా ప్రభుత్వ శాఖ, ‘ఎండు దుంపలతో చేసినవి’ అని చేర్చకుండా వీటిని చిప్స్ అనకూడదన్నది. దాంతో కంపెనీవారు ‘క్రిస్ప్స్’ అనే మాట ఎత్తుకున్నారు. ఇంగ్లండులో మామూలు తిండికి అమ్మకం పన్ను లేదు గాని క్రిస్ప్స్‌కు వుంది. అక్కడ కోర్టుకెక్కి, ఇవి క్రిస్ప్స్ కానేకావని అదే కంపెనీ వాదించింది! 2008లో ఒక కోర్టు ఔనన్నది. 2009లో పై కోర్టు కాదన్నది. ఒక్క మాటకు అర్థం తేలేసరికి కోట్ల పౌనుల పన్ను పడింది.

బజ్జీ చేసిన ప్రయాణం

కడపలో నా దగ్గర చదువుకున్న అబ్బాయి ఒకడు ఇప్పుడు మెల్బోర్న్‌లో వున్నాడు. ఒకనాడు ఫోనులో అన్నాడు: “సార్, ఈడ పొటాటో కేక్ అని అమ్ముతారు. కేకు అనుకొని కొంటి. చూస్తే మన ఉర్లగడ్డ బజ్జీ! శనగపిండి లేదు, మైదా పిండి. కారం లేదు, వాము లేదు. అయినా బజ్జీనే సార్.”

వాడు చెప్పింది అక్షరాలా నిజం. దుంప చక్రాన్ని పిండిలో ముంచి నూనెలో వేయిస్తే మెల్బోర్న్ వున్న విక్టోరియా రాష్ట్రంలో ‘పొటాటో కేక్’. సిడ్నీకి పోతే అదే ‘పొటాటో స్కాలప్’. అడిలైడ్‌లో ‘పొటాటో ఫ్రిట్టర్’. ఒకే దేశంలో మూడు పేర్లు. ఎవరికి వారు తమదే అసలు పేరని పట్టుబడతారు. స్కాలప్ అనేది సముద్రంలో దొరికే ఒక ఆల్చిప్ప జాతి జీవి పేరు కూడా కావడంతో, తెలియని శాకాహారి హడలిపోతాడు.

మన బజ్జీ మాట కూడా ఇల్లు కదలకుండా లేదు. కెన్యా రాజధాని నైరోబిలో ‘భజియా’ అంటే శనగపిండి పట్టించి వేయించిన దుంప చక్రాలే. గుజరాతు నుంచి వలసవెళ్ళిన కుటుంబాలు తీసుకుపోయిన రుచి అది. ఇప్పుడు ఆ దేశపువాళ్ళందరిదీ అయింది. ఇంగ్లండులో అదే మాట ఉల్లిపాయతో జతకట్టి ‘భాజీ’ అయింది.

మా ఇంట్లో మూడు పేర్లు

అంతదూరం పోనక్కరలేదు. నేను పుట్టింది తెనాలి వైపు, నాకిది బంగాళాదుంప. మా ఆవిడది వరంగల్లు, ఆమెకు ఆలుగడ్డ. మేముంటున్నది కడప, మా పిల్లలకు బడిలో, వీధిలో ఇది ఉర్లగడ్డ. ఒక్క వేపుడు చేస్తే మా ఇంట్లో మూడు పేర్లతో వడ్డన జరుగుతుంది.

ఈ మూడింటిలో అచ్చమైన తెలుగు మాట ఏదని అడుగుతారా? దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండల మీద పుట్టిన దుంపకు అచ్చ తెలుగు పేరు ఎక్కడినుంచి వస్తుంది? అక్కడివారు దాన్ని ‘పాపా’ అన్నారు. కరీబియన్ దీవుల్లో తీపి దుంపకున్న ‘బటాటా’ అనే పేరు దీనికి తగులుకుని, స్పెయిన్ మీదుగా ఇంగ్లీషు పొటాటో అయింది. పోర్చుగీసువారి వెంట వచ్చి మరాఠీలో, గుజరాతీలో బటాటాగా నిలిచింది. ఇక మనవి చూస్తే, బంగాళాదుంప అన్న పేరు అది బంగాళం నుంచి వచ్చిందని చెబుతున్నది. ఆలుగడ్డలో హిందీ ఉర్దూల ‘ఆలూ’ వుంది. సంస్కృతంలో ఆలుకమంటే దుంపే. ఉర్లగడ్డ తమిళుల ఉరుళైక్కిళంగుకు చుట్టం. గుండ్రంగా దొర్లేది అని భావం. ఒకటి వచ్చిన వూరు చెబితే, ఒకటి జాతి చెబుతుంది, ఒకటి ఆకారం చెబుతుంది. మూడూ మర్యాదగల పేర్లే.

ఇది అందరూ ఒప్పుకునే మాట కాదు. కొన్నేళ్ళ క్రితం ఒక పరీక్షాపత్రాలు దిద్దే కేంద్రంలో నా పక్కన కూర్చున్న మిత్రుడు ఒక సమాధానపత్రం మీద ఎర్రసిరాతో సున్న చుట్టాడు. ‘మా వూరి సంత’ అని వ్యాసం. సంతలో వాళ్ళమ్మ బజ్జీల కొట్టు పెడుతుందట. పొద్దున్నే ఉర్లగడ్డలు ఉడకబెట్టడం దగ్గర్నుంచి సాయంత్రం నూనె వడగట్టి దాచడం దాకా చక్కగా రాసి వుంది. మావాడు ‘ఉర్లగడ్డ’ను చుట్టి, పక్కన ‘గ్రామ్యం’ అని రాసి, రెండు మార్కులు తీసేశాడు.

“ఏమండీ, తప్పేముంది అందులో?” అన్నాను.

“పాఠ్యపుస్తకంలో బంగాళాదుంప అని వుంది కదండీ” అన్నాడాయన.

“పాఠ్యపుస్తకం వాళ్ళ సంతకు వెళ్ళలేదు కదండీ. అక్కడ బంగాళాదుంప బజ్జీ అని అరిస్తే కొనేవాడెవడు?”

ఆయన నవ్వాడు గాని మార్కులు వేయలేదు. మాట పెరిగి పైఅధికారి దాకా పోయింది. ఆయన వ్యాసం మొదటినుంచి చివరిదాకా చదివి, ఏమీ అనకుండా ఆ రెండు మార్కులూ కలిపి సంతకం పెట్టాడు. రాసిన పిల్లెవరో, ఏ వూరో నాకు తెలియదు. ఆ కాగితాల మీద పేర్లుండవు. రెండు మార్కులకోసం ఇంత పట్టుదల ఎందుకని మిత్రుడు తరవాత అడిగాడు. అది మార్కుల సంగతి కాదు. అమ్మ నోటివెంట వచ్చే మాట తప్పని ఒక్కసారి ఎర్రసిరాతో చెప్పించుకున్న పిల్ల మరోసారి అమ్మ గురించి రాయదు. పుస్తకంలోని మాటలే ఏరుకుని రాస్తుంది. నూనె వడగట్టి దాచిన ముచ్చట మనకు ఎప్పటికీ అందదు.

సిడ్నీవాడు స్కాలప్ అన్నా, మెల్బోర్న్‌వాడు కేక్ అన్నా ఆస్ట్రేలియాలో ఎవరి ఇంగ్లీషూ చెడిపోలేదు. మూడు పేర్లున్నంత మాత్రాన మన తెలుగుకు వచ్చే నష్టమూ లేదు.

వంటింటి మాట

చివరికి గృహిణులకు నాలుగు పనికివచ్చే మాటలు. దుంపల్ని వేపుడుకోసం ఫ్రిజ్జులో దాచవద్దు. ఆ చలికి దుంపలోని పిండిపదార్థం చక్కెరగా మారుతుంది; నూనెలో వేయగానే లోపల వుడకకముందే పైన నల్లబడుతుంది. చీకటిగా, గాలి ఆడే చోట బుట్టలో వుంచితే చాలు. తరిగిన ముక్కల్ని నీళ్ళలో వేసి కడిగి, గుడ్డమీద బాగా ఆరనిస్తే ఒకదానికొకటి అంటుకోవు. మరీ ఎర్రగా, మాడేదాకా వేయించవద్దు. అలా వేగిన దుంపలో అక్రిలమైడ్ అనే చెడ్డ పదార్థం పుడుతుందని 2002లో స్వీడన్ శాస్త్రజ్ఞులు బయటపెట్టారు. లేత బంగారు రంగు రాగానే దించడం నాలుకకూ మంచిది, ఒంటికీ మంచిది.

ఇన్ని దేశాలవారు వేయించిన దుంపను చిరుతిండిగానో, మాంసం పక్కనో తింటుంటే, మన వేపుడు అన్నంలోకి వచ్చి కూర్చున్నది. ముద్దపప్పు, చారు, పక్కన ఎర్రగా వేగిన దుంపముక్కలు. ఈ కలయిక మన ఇళ్ళలో వున్నంత కాలం దుంప ఎక్కడ పుట్టిందన్న దిగులు మనకు అక్కరలేదు.

కాని ఈ సెలవులకు మీ ఇంటికి షికాగో నుంచో, సిడ్నీ నుంచో చుట్టాలు వచ్చి, వారి పిల్లలు చిప్స్ కావాలని మారాం చేస్తే మాత్రం తొందరపడవద్దు. “ఏ వూరి చిప్స్ అమ్మా?” అని ఒక్కమాట అడిగి, ఆ తరవాతనే మూకుడు పొయ్యిమీద పెట్టండి.